మందు కొట్టించాక కూడా నల్లులు: రెండో విడతకు ముందు ఏం చేయాలి?

వనజ_కూకట్‌పల్లి

నమస్కారమండి. మూడో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. బాక్స్ టైపు ప్లైవుడ్ మంచం, దాని మీద పీచు పరుపు, హాల్లో కుషన్ సోఫా. పెస్ట్ కంట్రోల్ వాళ్లు ఒక విడత స్ప్రే చేసి వెళ్లారు. వారం తిరక్కుండానే మళ్లీ సన్నవి, లేత రంగువి కనిపిస్తున్నాయి, ఆవగింజంత కూడా లేవు. రెండో విడత ఇంకా రావాలి. ఈలోగా ఇంట్లో ఏం చేయాలి, వచ్చినప్పుడు వాళ్లను ఏం అడగాలి? పిల్లల్ని ప్రస్తుతానికి హాల్లో పడుకోబెడుతున్నాం. ఇంకా ఘాటైన మందు కొట్టించమని చుట్టుపక్కల వాళ్లంతా అంటున్నారు.

కీటకశాస్త్రం_మాస్టారు

వనజ గారూ, మీకు కనిపిస్తున్నవి గుడ్లలోంచి కొత్తగా బయటికొచ్చిన పిల్లలు. నల్లి గుడ్డు సుమారు 1 మి.మీ. ఉంటుంది, ముత్యం రంగు, చెక్కకో గుడ్డకో జిగురుతో అతుక్కుని ఉంటుంది. మామూలుగా కొట్టే మందులు చాలావరకు ఆ పెంకు దాటి లోపలికి పోవు. మన వేడికి 6 నుంచి 10 రోజుల్లో పిల్ల బయటికొస్తుంది. అందుకని వారంలో పిల్లలు కనిపించినంత మాత్రాన మొదటి విడత వృథా అయిందనుకోకండి. పెద్దవి కూడా చురుగ్గా తిరుగుతుంటే మాత్రం రెండు కారణాల్లో ఒకటి: మందు తగలని చోటు ఎక్కడో మిగిలింది, లేదా ఆ మందుకు ఆ నల్లులు చావడం లేదు.

పిల్ల నల్లి ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. ప్రతిసారీ ముందు ఒక్కసారైనా రక్తం తాగాలి. మన ఉష్ణోగ్రతల్లో గుడ్డు నుంచి పెద్దది కావడానికి ఐదారు వారాలు. ఆడది తిండి సరిగ్గా దొరికితే రోజుకు ఒకటి నుంచి ఐదు గుడ్లు పెడుతుంది, జీవితకాలంలో 200 దాటిస్తుంది. రెండో విడత తేదీ ఈ లెక్కను బట్టే పెట్టుకోవాలి. 10వ రోజుకు ముందే కొడితే పొదగని గుడ్లు మిగిలిపోతాయి. ఐదు వారాలు దాటనిస్తే ఈ పిల్లలే గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. 10–14 రోజుల మధ్య రెండోది, దానికి మరో రెండు వారాలకు మూడోది. ఒక్క విడతతో గ్యారంటీ అని ఎవరన్నా నమ్మకండి.

ఇక ముఖ్యమైన మాట. పిల్లల్ని హాల్లో పడుకోబెట్టడం ఆపండి. మనిషి వదిలే కార్బన్ డయాక్సైడు, ఒంటి వేడి ఆనవాలుగా నల్లి వెతుక్కుంటూ వస్తుంది. మంచం ఖాళీ అయితే సోఫాలోకీ హాలు గోడల్లోకీ చేరుతుంది, అప్పుడు ఒక గది సమస్య రెండు గదులదవుతుంది. మందు పూర్తిగా ఆరాక, వాళ్లు చెప్పిన గంటలు గడిచాక, గాలి వెలుతురు ఆడనిచ్చి ఆ గదిలోనే పడుకోవాలి. మందు ఆరిన చోట్ల మీదుగా నడిచి వస్తేనే కదా దానికి మందు అంటేది.

సఫిల్‌గూడ_టెక్నీషియన్

మాస్టారు చెప్పింది కరెక్టు. నేను తయారీ గురించి చెప్త, ఎందుకంటే ఎక్కువ ఇండ్లల్ల పని చెడేది ఆడనే.

మేడమ్, మీ బాక్స్ మంచంల సామాన్లు తీసి, పలకలు ఎత్తి, లోపలి మూలలల్ల కొట్టిన్రా? సామాన్లు అట్లనే ఉంచి పైన పైన కొట్టి పోతే కొట్టనట్టే లెక్క. పగలు నల్లి పైన ఉండదు, రెండు చెక్కలు కలిసే సందులల్ల ఉంటది. ఏటీఎం కార్డు అంచు పట్టే సందు ఉంటే చాలు, నల్లికి అది ఇల్లే.

రెండో విడతకు ముందు మీరే ఒకసారి వెతకండి. మంచి టార్చి, స్క్రూడ్రైవర్, పాత ఏటీఎం కార్డు, తడి తెల్లగుడ్డ ఉంటే చాలు. పరుపుతోని మొదలుపెట్టండి: నాలుగు అంచుల కుట్లు, పైపింగ్ మడత, లేబుల్ కింద, గాలి కోసం పెట్టిన చిన్న రంధ్రాలు, మూలలు. నల్లని చుక్కలు గుంపుగ కనిపిస్తే తడిగుడ్డతోని రుద్దండి. తుప్పు రంగుల సాగితే అది నల్లి మలం, అంటే జీర్ణమైన రక్తం. సాగకుంటే మామూలు మురికి. లేత గోధుమ రంగు పొరలు దొరికితే అవి కుబుసాలు. తర్వాత తలవైపు పలక వెనక, గోడకు ఆనిన దిక్కు. ఆ తర్వాత పలకల కింది దిక్కు, ప్రతి స్క్రూ గుంట. అన్నింటికీ వెనక స్విచ్‌బోర్డు అంచు, స్కర్టింగ్ టైలు పైన సందు, కర్టెన్ రాడ్ బ్రాకెట్లు, కిటికీ చెక్క, గోడకు వేలాడే ఫొటో ఫ్రేముల వెనక. చాలామటుకు మంచం చుట్టూ ఆరేడు అడుగులల్లనే ఉంటయి. బెడద ముదిరినంకనే దూరం పోతయి.

వెతికేటప్పుడు సామాన్లు పక్కగదిలకు మోయొద్దు. పెద్ద పాలిథీన్ సంచులు దగ్గర పెట్టుకొని, ఆ గదిలనే నింపి, మూతి కట్టి, అప్పుడు బయటికి తీయాలె. కట్టకుండ చేతుల పట్టుకొని హాల్లకు పోతే మీరే మోసుకపోయినట్టు.

వనజ_కూకట్‌పల్లి

మాస్టారూ, అన్నా, ఇద్దరికీ థాంక్సండి. మంచం లోపల కొట్టలేదు, సామాన్లు తీయమని వాళ్లు అడగనూ లేదు. బట్టలన్నీ ఎండలో వేస్తే సరిపోతుందా? పరుపు కూడా డాబా మీద వేద్దామనుకుంటున్నాం. మా వాషింగ్ మెషీన్ పైనుంచి వేసే రకం, వేడినీళ్ల సదుపాయం లేదు.

వేడి_లెక్క

ఎండ మీద నమ్మకం మన ఇళ్లల్లో చాలా ఎక్కువ. లెక్క తెలియకుండా వేస్తే ఎండ వల్ల నష్టమే జరుగుతుంది.

నల్లులు, గుడ్లు రెండూ చావాలంటే 50 డిగ్రీలు దాటిన వేడి లోపలిదాకా చేరాలి. 48 డిగ్రీల దగ్గర పెద్ద నల్లి త్వరగానే చస్తుంది, గుడ్డుకు మాత్రం అదే వేడి గంటకు పైగా తగలాలి. 55 దాటితే గుడ్డు కూడా నిమిషాల్లో పోతుంది. మే నెలలో హైదరాబాద్‌లో గాలి 42 ఉన్నా, డాబా నేల చేయి పెట్టలేనంత కాలుతున్నా, నాలుగంగుళాల పరుపు లోపల, కింది వైపు ఆ వేడి రాదు. పైన కాలుతుంటే నల్లి కింది వైపుకు జరిగిపోతుంది, లేదా పరుపు దిగి డాబా పిట్టగోడ పగుళ్లలోకి పోతుంది. సాయంత్రం పరుపు దులిపి తెచ్చుకుంటాం, రెండు రోజులు కుట్టవు, మూడో రోజు మొదలు.

ఎండ పనిచేసేది పల్చటి సామానుకు. బట్టలు, దిండు గలీబులు, చెప్పులు, బ్యాగులు నల్ల పాలిథీన్ సంచిలో వదులుగా, సగం వరకే నింపి, మూతి గట్టిగా కట్టి, నేరుగా కాలే నేల మీద ఉదయం పది నుంచి నాలుగు దాకా పెట్టాలి. మధ్యలో ఒకసారి తిరగేయాలి. వంటింట్లో వాడే పుల్ల థర్మామీటరు ఒకటి సంచి మధ్యలో గుచ్చి చూడండి. మధ్యలో 50 చూపించి గంటన్నర నిలబడితే పని అయినట్టు. వానాకాలం, చలికాలం అది రాదు, ఆ రోజుల్లో ఎండను లెక్కలోకి తీసుకోకండి.

మీ మెషీన్‌లో వేడినీళ్లు రావు కాబట్టి ముందు బకెట్లో నానబెట్టండి. మరిగే నీళ్లు, చల్ల నీళ్లు రెండు పాళ్లకు ఒక పాలు చొప్పున కలిపితే 70కి పైనే ఉంటాయి. బట్టలు వేయగానే పడిపోయి 60 దగ్గరకొస్తుంది. బట్ట పూర్తిగా మునగాలి, మూత పెట్టి అరగంట ఉంచాలి. ఆ తర్వాత మామూలుగా మెషీన్‌లో వేసుకోవచ్చు. చల్లనీళ్ల ఉతుకులో పెద్ద నల్లులు కొన్ని మునిగి చస్తాయి గానీ గుడ్లు చావవు. మరిగే నీళ్ల దగ్గర పిల్లల్ని రానివ్వకండి. పట్టు, ఉన్ని బట్టలకు ఈ పద్ధతి వద్దు, వాటికి నల్ల సంచే.

పరుపుకు, సోఫా కుట్లకు బట్టలు ఇస్త్రీ చేసే నిలువు స్టీమర్ బాగా పనిచేస్తుంది. రహస్యమంతా నిదానంలో ఉంది. మూతికి పాత నూలుగుడ్డ ఒక చుట్టు చుట్టండి, లేకపోతే ఆవిరి దూకుడుకు నల్లులు ఎగిరి పక్కన పడతాయి. మూతిని కుట్టుకు ఆనించి అడుగు దూరానికి పది పదిహేను సెకన్లు తీసుకుంటూ జరపండి. ఆవిరి పెట్టిన వెంటనే చేయి పెడితే కాలాలి. స్విచ్‌బోర్డు, ప్లగ్గు దగ్గర ఆవిరి పెట్టకూడదు. పని అయ్యాక ఫ్యాను కింద పూర్తిగా ఆరబెట్టాలి, లేకపోతే పీచు పరుపు బూజు పడుతుంది. ఇంకో సంగతి: మందు ఆరి ఉన్న చోట ఆవిరి పెడితే ఆ మందు పోతుంది. అందుకే రెండో విడతకు ముందు రోజు ఆవిరి, మర్నాడు మందు.

వడ్రంగి_ఈశ్వర్

అమ్మా, బాక్స్ మంచం గురించి చెప్తాను. నాలుగు వైపులా నేలను ఆనుకుని ఉంటుంది కాబట్టి దాని కిందికి గాలీ వెలుతురూ పోదు, మందు పైపూ పోదు. ముందు నాలుగు మూలల్లో, మధ్యలో రెండు చోట్ల నాలుగంగుళాల కాళ్లు బిగించండి. సోఫాలకు వేసే స్టీలు కాళ్లు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. అప్పుడు మంచం నేల మీద ఆరు చోట్ల మాత్రమే ఆనుతుంది. కింద ఊడ్వచ్చు, టార్చి వేసి చూడొచ్చు, ఒక్కో కాలి కింద గిన్నె పెట్టొచ్చు.

ప్లైవుడ్ కోసిన అంచులు చూడండి. పొరల మధ్య సన్నటి ఖాళీలు ఉంటాయి, లామినేట్ పట్టీ లేచిన చోట వెనకంతా గుడ్లే. పట్టీ లేపి గీకి, ఆవిరి పెట్టి, ఆరాక కొత్త పట్టీ అతికించాలి. పాత స్క్రూ గుంటలు, కీళ్ల సందులు పూడ్చడానికి రంపపు పొట్టును ఫెవికాల్‌లో ముద్దలా కలిపి నొక్కితే చాలు, ఒక రోజులో గట్టిపడుతుంది. మళ్లీ విప్పాల్సిన స్క్రూల మీద మాత్రం కొవ్వొత్తి మైనం రుద్దండి. స్కర్టింగ్ పైన సందుకు తెల్ల సిమెంటు, కిటికీ ఫ్రేముకీ గోడకీ మధ్య ఆక్రిలిక్ సీలెంట్. మందు కొట్టి రెండో విడత పూర్తయ్యాకే పూడ్చండి. ముందే పూడిస్తే వాళ్ల మందు లోపలికి పోవడానికి దారి ఉండదు.

సోఫాను తిరగేస్తే కింద నల్లటి పల్చని గుడ్డ స్టేపుల్ చేసి ఉంటుంది. దాన్ని పూర్తిగా పీకేసి పారేయండి. సోఫా నల్లులు సగానికి పైగా అక్కడే దొరుకుతాయి. మళ్లీ వేయాల్సిన అవసరం కూడా లేదు.

పల్లె_మంచం

ఈ సందర్భంలో నవారు, నులక మంచాల సంగతి కూడా చెప్పుకోవాలి, ఊళ్లల్లో ఇంకా అవే ఎక్కువ. నవారు మొత్తం విప్పి మరిగే నీళ్లలో ముంచాల. నులక విప్పడం కష్టం, మళ్లీ అల్లేవాళ్లు తక్కువైపోయినారు. మంచాన్ని ఆరుబయట పక్కకు నిలబెట్టి, మరిగే నీళ్లు ముడులమ్మటా నిదానంగా పోయాల. అన్నిటికంటే కోళ్లకు, అంటే మంచం కాళ్లకు, పట్టెలు దిగే బెజ్జాలు ముఖ్యం, అక్కడ ఒక్కో దాంట్లో అర లీటరైనా పోయాల. నీళ్లు పొయ్యి మీంచి దింపి పెరట్లోకి తెచ్చేలోగా చల్లారతాయి, కాబట్టి పొయ్యే మంచం దగ్గర పెట్టుకోండి. ఇనుప పైపు మంచమైతే పైపు కొనలు తెరిచి ఉన్నాయేమో చూసి, లోపల పోసి, ఆరినాక ప్లాస్టిక్ బిరడాలు కొట్టండి.

కిరసనాయిలు, పెట్రోలు పూయడం మాత్రం ఎవరూ చేయొద్దు. పూసిన మంచానికి బీడీ నిప్పు తగిలితే ఇల్లు మిగలదు.

రవి_ఖమ్మం

ధాన్యంలో పెట్టే గోళీలు గదిలో నాలుగు పెట్టి తలుపులు మూసేస్తే ఒక్క రాత్రిలో అన్నీ పోతాయంటున్నారు. పురుగుమందుల షాపులో అడిగితే మోనోక్రోటోఫాస్ నీళ్లలో కలిపి మంచానికి కొట్టమన్నారు. వీటిలో ఏది మంచిది?

కీటకశాస్త్రం_మాస్టారు

రవి గారూ, రెండూ వద్దు. ఇది కాస్త గట్టిగానే చెప్తున్నాను.

ఆ గోళీలు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి. 3 గ్రాముల గోళీ నుంచి 1 గ్రాము వాయువు వస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. తలుపు మూస్తే ఆగేది కాదు: గోడ పగుళ్లు, కరెంటు పైపులు, డ్రైనేజీ పైపులు, ఏసీ రంధ్రం ద్వారా పక్కింట్లోకి పోతుంది. మీరు బయట ఉన్నా పక్క ఫ్లాట్‌లో నిద్రపోతున్న పసిపిల్లకు ప్రమాదం. మొదట వాంతులు, కడుపునొప్పి, ఛాతీ బరువు వస్తాయి. తిండి పడలేదని అనుకుని ఆసుపత్రికి ఆలస్యంగా పోతారు. నల్లుల కోసం ఇళ్లల్లో ఇవి పెట్టి ప్రాణాలు పోయిన ఘటనలు మన దేశంలో ఉన్నాయి. అందుకే వీటి వాడకం మీద ప్రభుత్వ ఆంక్షలున్నాయి, శిక్షణ పొంది అనుమతి ఉన్నవాళ్లే గోదాముల్లో వాడాలి. వెల్లుల్లి వాసనో కుళ్లిన చేప వాసనో వస్తుందని చెప్తారు గానీ వాసన రాలేదు కాబట్టి వాయువు లేదనుకోవడానికి లేదు. ఎవరింట్లోనైనా పెట్టారని తెలిస్తే ముందు మనుషుల్ని బయటికి తేవాలి, పక్కింటి వాళ్లనూ లేపాలి. వాంతులు మొదలైతే ఏం వాడారో చెప్పి నేరుగా పెద్దాసుపత్రికి పోవాలి.

మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి పొలం మందులు మంచానికి కొడితే చర్మం ద్వారా ఒంట్లోకి పోతాయి. రాత్రంతా ముఖం ఆనించి పడుకునే చోటది. పాత రోజుల్లో నల్లులకు డైక్లోర్వాస్ విరివిగా కొట్టేవారు, దాన్ని కేంద్రం 2018లో ఇచ్చిన ఉత్తర్వుతో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించింది. ఇంకా ఎవరైనా తెచ్చి కొడతామంటే ఒప్పుకోకండి.

"ఘాటైన మందు" అన్న ఆలోచనే సమస్య. నల్లులు మందుకు అలవాటు పడటం ఈనాటిది కాదు. డీడీటీ వచ్చిన కొన్నేళ్లకే, 1947లో హవాయిలోని పెర్ల్ హార్బర్ బ్యారక్‌లలో అది పనిచేయని నల్లులు కనిపించాయి. మన దగ్గర కూడా మలేరియా కోసం ఇళ్లల్లో డీడీటీ కొట్టిన రోజుల్లో నల్లులు చావకపోగా చిరాకుతో ఇంకా ఎక్కువ తిరిగేవని, ఆ కారణంగానే జనం మందు కొట్టనివ్వలేదని రికార్డుల్లో ఉంది. ఇప్పుడు ఎక్కువగా కొట్టేవి పైరెథ్రాయిడ్లు: డెల్టామెత్రిన్, సైఫ్లూత్రిన్, లామ్డా సైహలోత్రిన్. ఈ మందు పనిచేయాల్సిన నరాల భాగంలోనే నల్లికి మార్పు వచ్చేసింది, పైగా చర్మం మందమైంది, విషాన్ని విరగ్గొట్టే ఎంజైములు పెరిగాయి. ఒకే తరగతిలో రెండో మందు మార్చినా తేడా రాదు.

వనజ గారూ, వాళ్లను అడగాల్సింది ఇది. మొదటిసారి కొట్టిన మందులో అసలు రసాయనం పేరేమిటి? పెద్ద నల్లులు ఇంకా ఉంటే రెండోసారి వేరే తరగతి మందు తెస్తారా? పిల్ల నల్లులు పెద్దవి కాకుండా ఆపే పైరిప్రాక్సిఫెన్ లాంటిది కలుపుతారా? మంచం విప్పి కొడతారా? మూడు విడతలు కాగితం మీద రాసిస్తారా? పెస్ట్ కంట్రోల్ చేసేవాళ్లకు వ్యవసాయ శాఖ లైసెన్సు ఉండాలి, దాని కాపీ చూపమని అడగడంలో తప్పేమీ లేదు.

సఫిల్‌గూడ_టెక్నీషియన్

ఇంకో మూడు మాటలు కలుపుత. పొగ డబ్బాలు, ఫాగింగ్ నల్లులకు వద్దు. ఆ తుంపరలు పైన పైన పడతయి, సందులల్లకు పోవు, నల్లులు చెదిరి పక్క గదులకు పోతయి. బొద్దింకల జెల్ కూడా దండగ: నల్లి రక్తం తప్ప ఏదీ తినదు, ఎర పెడితే ముట్టదు. బోరిక్ పౌడర్ అంతే, అది తింటేనే పనిచేస్తది. సాంబ్రాణి, వేపాకు పొగతోని కూడా చావవు.

అపార్ట్‌మెంటు కాబట్టి మీ గోడకు అటుపక్క, ఇటుపక్క, పైన, కింద ఫ్లాట్లు చూపియ్యాలె. ఒక్క ఇంట్ల కొట్టి పక్కది వదిలేస్తే కరెంటు పైపుల నుంచి మళ్లొస్తయి. సొసైటీ గ్రూపుల చెప్పనీకి సిగ్గుపడొద్దు. నల్లి మురికిని చూసి రాదు, మనిషిని చూసి వస్తది. శుభ్రంగ ఉన్న ఇంటికి కూడా బ్యాగుల, సెకండ్ హ్యాండ్ సోఫాల వస్తది.

కాకినాడ_శారద

డయాటమేషియస్ మట్టి పొడి గురించి ఎవరూ చెప్పలేదేంటండి? విషం కాదని, నల్లి ఒంటి మీద మైనపు పొరను గీకి ఎండబెట్టి చంపుతుందని విన్నాం.

కీటకశాస్త్రం_మాస్టారు

పనిచేస్తుంది శారద గారూ, నిదానంగా. వారం పది రోజులు పట్టొచ్చు. తేమ ఎక్కువుండే కాకినాడ, విశాఖ వైపు ఇంకా నెమ్మది. అదే కోవలో సిలికా జెల్ పొడి ఇంకా చురుకైనది. రెండింటికీ ఒకటే నియమం: కంటికి కనిపించీ కనిపించనంత పల్చగా ఉండాలి. కుప్పగా పోస్తే నల్లి పక్కనుంచి చుట్టి పోతుంది. మేకప్ బ్రష్‌తోనో ఖాళీ కెచప్ సీసాతోనో స్విచ్‌బోర్డు వెనక (మెయిన్ ఆపాకే), స్కర్టింగ్ సందులో, మంచం కీళ్లలో పెట్టండి. పరుపు మీద, దిండు దగ్గర, పిల్లలు పాకే నేల మీద వద్దు. చల్లేటప్పుడు ఎన్95 మాస్కు తప్పనిసరి, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. స్విమ్మింగ్ పూల్ ఫిల్టర్ల కోసం కాల్చి తయారుచేసిన రకం అసలు కొనకండి. పొడి చల్లిన చోట నీళ్ల మందు కొడితే రెండూ పాడవుతాయి.

చర్మవైద్యం_గుంటూరు

కాట్ల గురించి క్లుప్తంగా. పొద్దున లేచేసరికి ముఖం, మెడ, చేతులు లాంటి కప్పుకోని చోట్ల మూడు నాలుగు దద్దుర్లు వరసగానో గుంపుగానో ఉంటే నల్లిని అనుమానించాలి. ఒకే మంచం మీద పడుకున్నా ఒకరికి దద్దుర్లు వచ్చి ఇంకొకరికి ఏమీ రాకపోవచ్చు, వాళ్లను కుట్టలేదని కాదు. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ రాత్రిపూట దురదగా ఉంటే, ఇంట్లో అందరికీ అంటుకుంటుంటే అది గజ్జి కావచ్చు, డాక్టరుకు చూపించండి. గజ్జికి రాసే పర్మెత్రిన్ క్రీము రాసుకుంటే నల్లులు ఆగవు.

దురదకు కాలమైన్, చల్లని గుడ్డ, పెద్దలకు రాత్రి సెట్రిజిన్ 10 మి.గ్రా. మాత్ర సరిపోతాయి. పిల్లలకు, గర్భిణులకు డాక్టర్ను అడిగే వాడాలి. మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్, ఫంగస్ మందు కలిపిన ట్యూబులు కొనకండి, వారాల తరబడి రాస్తే చర్మం పాడైపోతుంది. గోకి పుండు చేసుకుంటే చీము పడుతుంది, పిల్లల గోళ్లు కత్తిరించండి. నల్లుల వల్ల మనుషులకు జబ్బు పాకినట్టు ఇంతవరకూ రుజువు కాలేదు. కానీ బెడద బాగా ముదిరిన ఇళ్లల్లో పసిపిల్లలకు, ముసలివాళ్లకు రక్తహీనత వచ్చిన సందర్భాలున్నాయి. నిద్రలేమి కూడా చిన్న విషయం కాదు.

హాస్టల్_నిర్వహణ_వరంగల్

హాస్టళ్లు, పీజీలు నడిపేవాళ్ల కోసం. ఒక గదికి మందు కొట్టి పిల్లల్ని పక్క గదులకు సర్దితే వారంలో అంతస్తు మొత్తం పాకుతుంది. గదిలో వాళ్లను అదే గదిలో ఉంచి, ఎదురు గది, రెండు పక్కగదులు, పైది, కిందిది అదే రోజు చూడాలి. పరుపులు అంతస్తుల మధ్య మార్చొద్దు, గది నంబరు పరుపు మీదనే రాసిపెట్టండి. పాత పరుపు పారేయాలంటే అక్కడే పాలిథీన్‌లో చుట్టి, కోసి, "నల్లులున్నాయి" అని రాసి బయట పెట్టండి. లేకపోతే పొద్దున ఎవరో పేదవాళ్లు తమ ఇంటికి పట్టుకుపోతారు.

కొత్తగా చేరేవాళ్ల పెట్టెలు మంచం మీద పెట్టనివ్వొద్దు, టైలు నేల మీద తెరిపించండి. మూడు వైపులా జిప్పున్న పరుపు కవర్లు వేస్తే లోపల చిక్కినవి ఆకలితో చస్తాయి. మన వేడికి దానికి నాలుగైదు నెలలు పట్టొచ్చు, చలి దేశాల్లో ఏడాది దాకా బతుకుతాయి. అందుకని వేసిన కవరు ఏడాది వరకు తీయకూడదు, చిరిగితే వెంటనే టేపు వేయాలి.

న్యూజెర్సీ_నాగ

చదువులకు అమెరికా వచ్చే మన పిల్లల కోసం రెండు మాటలు. సెమిస్టర్ చివర అపార్ట్‌మెంట్ల ముందు వదిలేసిన పరుపులు, సోఫాలు ఎంత కొత్తగా కనిపించినా తెచ్చుకోకండి. ఇక్కడ బట్టలకు డ్రయ్యర్ ఉంది, వేడి ఎక్కువలో 30 నిమిషాలు తిప్పితే గుడ్లతో సహా పోతాయి. ముందు డ్రయ్యర్, తర్వాతే ఉతుకు. న్యూయార్క్‌లో అద్దెకు దిగేటప్పుడు గత ఏడాదిలో ఆ ఇంట్లో, ఆ భవనంలో నల్లులున్నాయో లేదో ఇంటి యజమాని కాగితం మీద చెప్పాలి, అడిగి తీసుకోండి.

మంచం కాళ్ల కింద పెట్టే నున్నటి ప్లాస్టిక్ గిన్నెల ఉచ్చులు ఇక్కడ బాగా పనిచేస్తాయి. ఇండియాకు పంపమని చాలామంది అడుగుతున్నారు, అక్కడ కూడా పనిచేస్తాయా?

కీటకశాస్త్రం_మాస్టారు

మంచి ప్రశ్న నాగ గారూ. అంతగా పనిచేయవు. మీ దగ్గర ఉండేది చలి ప్రాంతాల నల్లి, సైమెక్స్ లెక్టులేరియస్. మన దగ్గర ఎక్కువగా ఉండేది ఉష్ణమండల జాతి, సైమెక్స్ హెమిప్టెరస్. దీని కాళ్లకు సన్నటి వెంట్రుకలు ఎక్కువ, నున్నటి గోడ కూడా ఎక్కి ఉచ్చులోంచి బయటపడుతుంది. మన ఇళ్లల్లో స్టీలు గిన్నెలో రెండు అంగుళాల నీళ్లు, నాలుగు చుక్కల గిన్నెలు తోమే సబ్బు ద్రవం వేసి ఒక్కో కాలి కింద పెట్టడమే మేలు. సబ్బు వల్ల నల్లి తేలకుండా మునిగిపోతుంది. మూడు రోజులకోసారి నీళ్లు పారబోసి మార్చాలి, దోమలు గుడ్లు పెట్టనివ్వకూడదు. చెక్క కాళ్లయితే ముందు పాలిథీన్ చుట్టండి.

గిన్నెలు పెట్టాక మంచం గోడకు ఆరంగుళాల దూరం ఉండాలి. దుప్పటి, దోమతెర నేలకు తగలకూడదు. ఇవి తగులుతుంటే గిన్నెలు దండగ. ఎన్ని పడ్డాయో తేదీతో రాసుకుంటే తగ్గుతున్నాయో లేదో మీకే తెలుస్తుంది. మూడో విడత తర్వాత ఆరేడు వారాలు గిన్నెలో ఒక్కటీ లేక, దుప్పటి మీద కొత్త మచ్చ లేకపోతే ఇల్లు శుభ్రమైనట్టు.

వనజ_కూకట్‌పల్లి

మంచానికి కాళ్లు బిగించడానికి ఈశ్వర్ గారు చెప్పినట్టే మనిషిని పిలిచాం. మందు వాళ్లు 12వ రోజు వస్తామన్నారు, లోపలంతా ఖాళీ చేసి ఉంచుతాం. చివరిగా ఒకటి: ఆ మంచం పెట్టెలో పిల్లల పుస్తకాలు, ఇంటి దస్తావేజులు ఉన్నాయి. వాటికి ఆవిరీ పనికిరాదు, నీళ్లూ పనికిరావు. ఏం చేయాలి?

వేడి_లెక్క

పుస్తకాలు జిప్ కవర్లలో పెట్టి గాలి తీసేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, మైనస్ 18 చూపించేదైతేనే. పల్చటి కట్టలుగా నాలుగు రోజులు, లావు పుస్తకాలు వారం. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న ఐసు అర అంత చలికి దిగదు, దాన్ని నమ్మకండి. బయటికి తీశాక కవరు తెరవకుండా గది వేడికి వచ్చేదాకా ఉంచండి, లేకపోతే చెమ్మ పట్టి కాగితం ఉబ్బుతుంది. దస్తావేజులు మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి. ఒక్కో కాగితం తెల్ల దుప్పటి మీద తిప్పి చూసి, మడతలు, స్టేపుల్ పిన్నుల దగ్గర మెత్తటి బ్రష్‌తో దులిపి, కొత్త జిప్ కవర్లో వేసి, మూతికి టేపు వేసి బీరువాలో పెట్టండి. ఆ దుప్పటి నేరుగా వేడినీళ్ల బకెట్లోకి.

సఫిల్‌గూడ_టెక్నీషియన్

మేడమ్, 12వ రోజుకు ముందు వారం ఇల్లు ఫినాయిల్ పెట్టి తుడవకండి, మంచం చుట్టూ గోడ అంచులు అసలే తుడవొద్దు. మొదటి విడత మందు అక్కడ మిగిలుంటది, గుడ్లల్లకెళ్లి వచ్చే పిల్లలకు అదే తగలాలె. చీపురుతోని ఊడిస్తే చాలు, ఆ చెత్తను కవర్ల మూతి కట్టి అదే రోజు బయట పడేయండి.